స్త్రీ శరీరం - సంఘం కొలతలు

చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర కిందటి నెల నా పాత విద్యార్థిని ఒకామె కనిపించింది. అశోక్‌నగర్ హాస్టల్లో వుండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నది. ముఖానికి చున్నీ చుట్టుకుంటే దుమ్ముకేమో అనుకున్నాను. "గడ్డం, మేడం" అన్నది. నాలుగు నెలలుగా బహిష్టు లేదట. టెస్టోస్టిరాన్ ఎక్కువున్నదనీ, మందులు వాడాలనీ డాక్టరు చెప్పారట. "పెళ్ళిచూపుల్లోగా వెంట్రుకలు పోతే చాలంటున్నది అమ్మ." నేనేమన్నాను? నారాయణగూడలో మంచి పార్లరున్నదన్నాను. స్త్రీ అభ్యుదయాన్ని గురించి పాఠాలు చెప్పే నోటితోనే!

ఈ హార్మోను మగవారి సొత్తేమీ కాదు. ప్రతి స్త్రీ అండాశయాల్లోనూ, ఎడ్రినల్ గ్రంథుల్లోనూ పుడుతుంది. స్త్రీలలో అది హెచ్చటానికి తరచు కారణం పి.సి.ఓ.ఎస్. దానివల్ల మధుమేహం వచ్చే అవకాశం పెరుగుతుంది. నెలల తరబడి బహిష్టు రాకపోతే గర్భాశయపు లోపొర మందమై ముప్పు తేవచ్చు. వ్యాయామమూ, మందులూ అందుకు అవసరం. వెంట్రుకల మాట వేరు. ఆ పిల్లకు బాధనిపిస్తే తీయించుకుంటుంది, లేకపోతే మానుతుంది. మన యిళ్ళలో ఇది తారుమారయింది. ఆరోగ్యం సంగతి "పెళ్ళయితే సర్దుకుంటుంది". పదిమంది చూపు సంగతి మాత్రం అత్యవసరం.

ఇంట్లోని ఈ తర్కాన్నే క్రీడారంగం నియమావళిగా రాసుకున్నది. ఒడిశాలో, జాజ్‌పూర్ జిల్లా చేనేత కుటుంబంలో పుట్టిన ద్యుతీ చంద్‌ను 2014లో ఈ హార్మోను ఎక్కువన్న కారణంగానే కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. మందులతోనో, శస్త్రచికిత్సతోనో తగ్గించుకుంటే పరుగెత్తవచ్చునన్నారు. ఆమె ఒప్పుకోలేదు. క్రీడా న్యాయస్థానానికి వెళ్ళి 2015లో ఆ నియమాన్ని నిలుపుదల చేయించింది. మన హైదరాబాదులో నాగపురి రమేశ్ వద్ద శిక్షణ పొంది, 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు గెలిచింది. (2023లో నిషిద్ధ పదార్థాల కేసులో ఆమెపై నాలుగేళ్ళ నిషేధం పడిన మాట నిజమే. బయటినుంచి ఒంట్లోకి చేరినదాన్నీ, పుట్టుకతో ఒంట్లో వున్నదాన్నీ ఒకే గాటన కట్టటం అన్యాయం.)

కాదనలేకపోయినవారూ వున్నారు. వర్ధమాన దేశాల పల్లెల నుంచి వచ్చిన నలుగురు యువ క్రీడాకారిణులకు ఫ్రాన్సులో శస్త్రచికిత్స జరిగిన వైనం 2013లో ఒక వైద్యపత్రికలో అచ్చయింది. తొలగించిన ఆ గ్రంథులను అలాగే వుంచినా ఆరోగ్యానికి ప్రమాదం లేదని ఆ వ్యాసంలోనే వున్నది!

పోటీ సమంగా వుండాలనే తోటి క్రీడాకారిణుల మాటను నేను కొట్టిపారేయను. గీత ఎక్కడ గీయాలో వాదించుకోవచ్చు. కాని బాగున్న దేహాన్ని కోసి నియమానికి సరిపెట్టి, దానికి చికిత్స అని పేరు పెట్టటం మోసం.

మొన్న ఆ పిల్లకు ఫోను చేసి పార్లరు మాట వెనక్కు తీసుకున్నాను. చక్కెర పరీక్ష చేయించుకున్నావా అని అడిగాను. లేదన్నది. ఆ డబ్బు కోచింగు ఫీజుకు పోయిందట. సోమవారం ఇద్దరం కలిసి వెళుతున్నాం.