కప్పం కట్టనివాడు ద్రోహేనా?

రాజుకు విశ్వాసంగా ఉన్నవాడు మంచివాడు, రాజు మీద తిరగబడ్డవాడు ద్రోహి. చిన్నప్పటి నుంచి మనం చదువుకున్న పాఠాలు చాలావరకు ఇట్లాగే ఉంటాయి. కానీ ములుగు జిల్లాలో పుట్టినవాళ్లకు ఈ లెక్క కుదరదు. ఎందుకంటే మన జిల్లాలోనే పాలంపేట ఉంది, మేడారమూ ఉంది.

పాలంపేటలో రామప్ప గుడి కట్టించినవాడు రేచర్ల రుద్రుడు, కాకతీయ గణపతిదేవుడి సేనాపతి. అక్కడ ఆయన వేయించిన శాసనం 1213 నాటిది. దానికి కొన్నేళ్ల ముందు దేవగిరి యాదవులతో జరిగిన పోరులో మహాదేవరాజు చనిపోయాడు. కొడుకు గణపతిదేవుడు శత్రువులకు బందీగా చిక్కాడు. ఓరుగల్లు గద్దె మీద కూర్చునేవాడు లేడు. ఇదే అదను అని సామంతులు తలెత్తారు. సైన్యమంతా రుద్రుడి చేతిలోనే ఉంది. కావాలంటే అతనే రాజయ్యేవాడు, అడ్డుకునేవాళ్లు కూడా లేరు. అయినా అతను తిరగబడ్డవాళ్లను అణచి, రాజ్యాన్ని నిలబెట్టి, గణపతిదేవుడు తిరిగి వచ్చాక అప్పగించాడు. కాకతి రాజ్యభారం మోసినవాడని ఆయనకు బిరుదు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు అందరం గుడిని మెచ్చుకున్నాం కానీ, ఖాళీ గద్దెను చూసి కూడా ఎక్కకుండా ఉన్న ఆ మనసు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

అది ఎంత అరుదైన గుణమో తెలియాలంటే రోము, ఈజిప్టు చరిత్ర చూడాలి. అక్కడ సేనాపతి చేతికి సైన్యం వస్తే గద్దె కోసమే చూసేవాడు. క్రీ.పూ. 48లో పాంపే అనే రోమన్ సేనాని సీజరు చేతిలో ఓడి, ఈజిప్టు శరణు కోరి పడవ మీద వచ్చాడు. ఆ రాజకుటుంబానికి ఒకప్పుడు అండగా నిలిచినవాడు అతను. ఒడ్డుకు దిగకముందే అతన్ని పొడిచి చంపారు. పొడిచినవాళ్లలో సెప్టిమియస్ ఒకడు. ఒకప్పుడు పాంపే కింద పనిచేసినవాడే! గెలిచేవాడి పక్షాన చేరడాన్నే అక్కడ తెలివి అనుకున్నారు.

తర్వాత ఆంటోనీ, ఆక్టేవియన్ రోము కోసం కొట్లాడుకున్నారు. ఆంటోనీ ఈజిప్టు రాణి క్లియోపాత్రాతో కలిశాడు. (క్లియోపాత్రా పుట్టుకతో గ్రీకు వంశం. ఆమెకు ముందు ఆ వంశపు రాజులు ఈజిప్టు ప్రజల భాష నేర్చుకోలేదనీ, ఆమె నేర్చుకుందనీ ప్లూటార్క్ రాశాడు. రెండున్నర వందల ఏళ్లకు పైగా ఏలారు, ఏలినవాళ్ల మాట రాదు. కోయ గూడేలలో పనిచేసే ఉపాధ్యాయులు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.) క్రీ.పూ. 32లో ఆక్టేవియన్ యుద్ధం ప్రకటించాడు. ఎవరి మీద? ఆంటోనీ మీద కాదు, క్లియోపాత్రా ఒక్కదాని మీదే. ఆంటోనీ పేరు పెడితే అది రోమన్ల మధ్య అంతర్యుద్ధం అవుతుంది. రాణి పేరు పెడితే పరాయి దేశం మీద ధర్మయుద్ధం అవుతుంది. మరుసటి ఏడు ఆక్టియం దగ్గర గెలిచాడు. ఆంటోనీ సైన్యం అతనికే లొంగిపోయింది. క్రీ.పూ. 27లో అగస్టస్ అనిపించుకున్నాడు. ఓడి ఉంటే ద్రోహి అన్న పేరు అతనికే మిగిలేది.

పేరు పెట్టే పని గెలిచినవాడిదే అని చెప్పడానికి రోముదాకా పోనక్కరలేదు. కాకతీయులు మొదట ఎవరు? కల్యాణి చాళుక్యుల సామంతులు. ఏలిక బలహీనపడ్డాక రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాడు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం అందుకు గుర్తు. దాన్ని మన పుస్తకాలు 'స్వాతంత్ర్యం' అంటాయి. నూరేళ్లు దాటాక కాయస్థ అంబదేవుడు రుద్రమదేవి మీద అదే పని చేస్తే 'తిరుగుబాటు' అంటాయి. అంబదేవుణ్ణి నేను వెనకేసుకు రావడం లేదు. అతనిది పదవీకాంక్షే. అయితే రుద్రదేవుడిది ఏమిటి అని పిల్లవాడు అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి కదా.

ఇక మేడారం. పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు. కథను ఒక్కో ఊళ్లో ఒక్కో తీరుగా చెప్తారు కానీ ముఖ్యమైన మాట అంతటా ఒకటే. వరుసగా వానలు లేవు, పంట లేదు, తినడానికే లేదు. ఆయన కప్పం కట్టలేదు. ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు పోరులో పోయారు. జంపన్న సంపెంగ వాగులో దూకాడు, అదే ఇప్పుడు జంపన్న వాగు. వెన్నుపోటు తగిలిన సమ్మక్క చిలుకలగుట్ట మీదికి పోయి కనిపించకుండా పోయింది. వెతికినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది.

ఈ కథలో ఒక సంగతి గమనించాలి. పగిడిద్దరాజు ఓరుగల్లు గద్దె కోరలేదు. రాజ్యం విస్తరించాలనీ అనుకోలేదు. ఆశపడి తిరగబడ్డవాడికీ, కాపాడడానికి ఎదురుతిరిగినవాడికీ తేడా ఇక్కడే ఉంది. సామంతుడంటే మధ్యన ఉన్నవాడు. పైన రాజుకు మాట ఇచ్చాడు. కింద జనం అతన్ని నమ్ముకుని ఉన్నారు. మంచి కాలంలో రెండు విశ్వాసాలూ ఒకే దారిన పోతాయి. కరువొస్తే విడిపోతాయి. అప్పుడు ఒకదాన్ని తప్పక తప్పదు.

మరి ప్రతి సామంతుడూ కరువని చెప్పి కప్పం ఆపితే రాజ్యం నడిచేదెట్లా? రామప్ప చెరువు ఎవరు తవ్విస్తారు? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఆ చెరువు కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. కాకతీయులు మంచి పనులు చేయలేదని ఎవరూ అనలేరు. కానీ ఇన్ని చెరువులు తవ్వించినవాళ్లకు నీళ్లు లేని ఏడు ఎట్లా ఉంటుందో అందరికంటే బాగా తెలిసి ఉండాలి. తెలిసీ సైన్యాన్ని పంపారంటే, వాళ్లకు కావలసింది ధాన్యం కాదు, లొంగుబాటు.

ఈజిప్టులోనూ ఇదే జరిగింది. క్రీ.పూ. 30లో ఆంటోనీ, క్లియోపాత్రా ఇద్దరూ ప్రాణాలు తీసుకున్నాక ఆ దేశం రోము ఏలుబడిలోకి వచ్చింది. నైలు ధాన్యం ఓడలెక్కి రోము నగరానికి పోయేది. మొదటి గవర్నరు కార్నీలియస్ గాలస్. దక్షిణాన థీబ్స్ ప్రాంతంలో జనం పన్నుల మీద తిరగబడ్డారని స్ట్రాబో రాశాడు. గాలస్ దాన్ని అణచి, పదిహేను రోజుల్లో గెలిచానని ఫైలేలో మూడు లిపుల్లో రాయి చెక్కించాడు. ఆ గొప్పలే అతని మెడకు చుట్టుకున్నాయి. అగస్టస్ ఆగ్రహించాడు, కొన్నేళ్లకే గాలస్ ఆత్మహత్య చేసుకున్నాడు. అంత విశ్వాసంగా పనిచేసినవాడి గతి అది! థీబ్స్‌లో పన్ను కట్టలేమన్న ఆ రైతుల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు. మన పగిడిద్దరాజు పేరూ రాతి మీద ఉన్నది కాదు. పూనుగొండ్ల నుంచి ఆయన్ను తెచ్చే పెనక వంశం వాళ్ల నోట ఉంది, వడ్డెల నోట ఉంది.

తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు ఒక అమ్మాయి, "రుద్రుడు మంచోడా, పగిడిద్దరాజు మంచోడా సార్?" అని అడిగింది. ఇద్దరూ మంచివాళ్లే అని తప్పించుకోవచ్చు. నేను ఇట్లా చెప్పాను: రుద్రుడు ద్రోహం చేసినా శిక్షించే స్థితిలో గణపతిదేవుడు అప్పుడు లేడు, బందీ. పగిడిద్దరాజు జనానికి ద్రోహం చేసి కప్పం వసూలు చేసినా ఆకలిగొన్న గూడేలు అతన్ని ఏమీ చేయలేకపోయేవి. మనల్ని ఏమీ చేయలేనివాళ్ల పట్ల ఎట్లా ఉన్నామో చూస్తే, ఆ ఇద్దరూ ఒకే జాతి మనుషులు. సెప్టిమియస్ వేరే జాతి.

జాతరలో సమ్మక్కను చిలుకలగుట్ట నుంచి తెచ్చేటప్పుడు పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి వందనం చేస్తాడు. ఒకప్పుడు సైన్యం పంపిన రాజ్యం ఇప్పుడు వందనం చేస్తున్నదని సంతోషించేవాళ్లున్నారు. నాకూ సంతోషమే. కానీ ఇప్పటి సామంతులం ఎవరం? సర్పంచులం, వార్డు మెంబర్లం, టీచర్లం, జీతగాళ్లం. పైన ఆఫీసు, కింద ఊరు.

1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు అధికారం ఇచ్చింది. భూమి తీసుకునే ముందు ఊరిని అడగాలి. ఆ తీర్మానం రాసేది, చదివి వినిపించేది ఎవరు? ఊళ్లో చదువుకున్న మనమే. వేలిముద్ర వేసే పెద్దమ్మకు కాగితంలో ఏముందో తెలియదు, మన ముఖం చూసి వేస్తుంది. పైవాళ్లు ఈ రోజే కావాలంటారు. అట్లాంటి రోజున కాగితాన్ని ముందు కోయలో చదవండి. ఎంత భూమి, ఏ సర్వే నంబరు, బదులు ఏమిస్తారు, ఎప్పుడిస్తారు, అన్నీ చెప్పండి. ఆడవాళ్లు పొలం నుంచి వచ్చేదాకా ఆగండి. వద్దని ఊరంటే వద్దనే రాసి, సభకు వచ్చినవాళ్ల పేర్లన్నీ కింద వరుసగా రాయండి.