లప్పం కింద

గత ఫిబ్రవరిలో ఓ శనివారం మధ్యాహ్నం మా గరాజులో, ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని తుప్పు గీకుతున్నాను. వెనక కమాన్ కట్టల్ని ఛాసీకి పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర స్క్రూడ్రైవర్ కసుక్కున లోపలికి దిగింది. ఇనుములోకి అలా దిగకూడదు. నల్లటి పూత కింద ఉన్నది ఇనుము కాదు, లప్పం. తుప్పు తినేసిన చోట ఫైబర్‌గ్లాసు గుడ్డ అంటించి, పైన లప్పం మెత్తి, నున్నగా రుద్ది, రంగు కొట్టేశారెవరో. పనితనం మాత్రం బాగుంది. అందుకే కొనేటప్పుడు నాకు కనబడలేదు.

బండి 1986 ఫోర్డ్ ఎఫ్-150. వరసగా ఆరు సిలిండర్లున్న 4.9 లీటర్ల ఇంజను, కార్బ్యురేటర్. ఆ మరుసటేడు నుంచి ఈ ఇంజనుకి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది కాబట్టి, చెవితో విని, చేత్తో సరిచేసుకోగలిగిన వాటిలో ఇది చివరిది. టైమింగుకి చైను బదులు పళ్లచక్రాలుంటాయి. చాలాకాలం నడుస్తుందని పేరు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే నాకు, చేతికి నూనె అంటే పని ఒకటి కావాలనిపించింది. మావాడికి పదిహేనేళ్లు నిండాయి. ఒహాయోలో పదిహేనున్నరకే డ్రైవింగు నేర్చుకునే పర్మిట్ ఇస్తారు. ఇద్దరం కలిసి బాగుచేసుకుందాం, వాడే నడుపుకుంటాడు అనుకున్నాను.

ఇంజను గట్టిదే, కాని ఛాసీ ఒహాయోది. చలికాలంలో మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు బండి కింద ప్రతి సందులోకీ పోయి కూర్చుంటాయి. పైన తలుపులు మెరుస్తుంటాయి, కింద బండి రాలిపోతుంటుంది.

ఆ రోజు నాకొచ్చిన కోపం చిన్నది కాదు. ఎవడో ఒకడు ఇక్కడ, సరిగ్గా నేను పడుకున్నట్టే పడుకుని, ఈ చిల్లుని చూశాడు. బ్రాకెట్ ఊడితే ఇరుసు ఒక పక్కకి పోతుందని తెలియనివాడు ఇంత నున్నగా లప్పం పెట్టలేడు. తెలిసే పెట్టాడు.

మా మేనమామ విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి టింకరింగు చేసేవాడు. సెలవుల్లో వెళ్తే షెడ్డులో కూర్చోబెట్టుకునేవాడు. ఓసారి, ఈ లప్పం పెట్టడం మోసం కదా మామయ్యా అని అడిగాను. నవ్వి, "లప్పం సొట్టకిరా, చిల్లుకి కాదు. అందం దాని పని. బరువు మొయ్యమంటేనే మోసం" అన్నాడు. అప్పట్లో అది వృత్తి రహస్యంలా వినిపించింది.

రెండు నెలలు పట్టింది. పాత రివెట్ల తలలు గ్రైండరుతో కోసి, డ్రిల్లు చేసి బయటికి తీశాం. కుళ్లిన చోటు కత్తిరించి కొత్త రేకు వెల్డింగు చేయించి, కొత్త బ్రాకెట్లు బోల్టులతో బిగించాం. హెడ్‌లైట్ల కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చి గుండానే పోయే పాత పద్ధతి మార్చి రిలేలు పెట్టాం. మావాడికి బండిని నాలుగంగుళాలు లేపి, పెద్ద టైర్లు వెయ్యాలని కోరిక. వద్దన్నాను. లేపితే మన లైట్లు ఎదురుగా చిన్న కారులో వచ్చేవాళ్ల కళ్లలో పడతాయి, మన బంపరు వాళ్ల తలుపు దగ్గరికి వస్తుంది అని చెప్పాను. "వాళ్లెవరో మనకి తెలీదుగా నాన్నా" అన్నాడు. తెలియని వాళ్ల గురించే ఆలోచించాలి అని ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. రంగు మాత్రం వాడిష్టానికే వదిలేశాను.

ఆ ఉపన్యాసం ఇచ్చిన వారానికే బ్రేక్ పైపుల దగ్గర దొరికిపోయాను.

వెనక చక్రాలకి పోయే ఉక్కు పైపు తుప్పు పట్టింది. రాగి, నికెలు కలిసిన కొత్త పైపు తెచ్చి, వంచుకుంటూ, చివర్లు సాగగొట్టి బిగించుకుంటూ వచ్చాం. ముందు పెట్రోలు ట్యాంకు వెనక ఓ మూరెడు ముక్క మిగిలింది. అది మార్చాలంటే ట్యాంకు దించాలి. సగం పెట్రోలు ఉంది, పట్టీల బోల్టులు తిరగడం లేదు, రాత్రి పది దాటింది. కనిపించినంత మేరా పాత పైపు బాగానే ఉంది. అక్కడే కొత్తదాన్ని పాతదానికి కలిపేశాను. వెనక పైపు పగిలినా ముందు బ్రేకులు వేరే లైను కాబట్టి పడతాయి కదా అని సమాధానం చెప్పుకున్నాను. లప్పం పెట్టినవాడు కూడా ఏదో ఒక సమాధానం చెప్పుకునే ఉంటాడు.

ఇంగ్లీషు గణితవేత్త విలియం కింగ్డన్ క్లిఫర్డ్ 1877లో నమ్మకాల నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, చాలాసార్లు మరమ్మతులు జరిగినది. అందులో వలస పోయే కుటుంబాలు ఎక్కబోతున్నాయి. దీన్ని ఒకసారి విప్పి చూడాలేమో అని అతనికి అనుమానం వస్తుంది. కాని ఖర్చవుతుంది. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్లొచ్చింది కదా, దేవుడున్నాడు కదా అని మనసుకి నచ్చజెప్పుకుని, చివరికి నిజంగానే నమ్ముతాడు. ఓడ నడిసముద్రంలో మునిగిపోతుంది, అతనికి బీమా డబ్బు వస్తుంది. ఆ చావులకి అతనిదే బాధ్యత అంటాడు క్లిఫర్డ్. నిజాయితీగానే నమ్మినా సరే, అలా నమ్మే హక్కు అతనికి లేదు. అంతటితో ఆగకుండా కథని కొంచెం మారుస్తాడు. ఓడ మునగలేదు, క్షేమంగా చేరింది అనుకుందాం. అప్పుడు తప్పు తగ్గుతుందా? తగ్గదు. అతను బయటపడలేదు అంతే, నిర్దోషి కాలేదు.

కాలేజీలో చదివినప్పుడు ఇది మరీ కఠినం అనిపించింది. ఈసారి, నేనూ వలస వచ్చినవాణ్ణే కాబట్టి, ఓడలో ఉన్నవాళ్ల వైపు నుంచి చదివాను.

ఒహాయోలో ఏటేటా బండి భద్రతని తనిఖీ చేసే ఏర్పాటు లేదు. జర్మనీలో అయితే మామూలు కారుని రెండేళ్లకోసారి తప్పనిసరిగా పరీక్షకి తీసుకుపోవాలి. ఇండియాలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఇష్టం వచ్చినట్టు బండిని మార్చకూడదు. ఇక్కడ నా ట్యాంకు వెనక ఏముందో చూసేవాళ్లు లేరు. రేపు నేను అమ్మితే, కొన్నవాడు మహా అయితే వంగి ఓసారి కిందికి చూస్తాడు. అక్కడ కొత్త పైపు మెరుస్తుంటుంది. నా పని అంత బాగుండటమే అతన్ని మోసం చేస్తుంది.

ఇక్కడ క్లిఫర్డ్‌తో నాకొక పేచీ ఉంది. అతని ఓడ యజమానికి డబ్బుంది, వ్యవధి ఉంది. నా బండికి లప్పం పెట్టినవాడికి ఏముందో నాకు తెలియదు. సోమవారం పొద్దున ఉద్యోగానికి పోవాలేమో. వెల్డింగుకి డబ్బు లేదేమో. బస్సులు లేని ఊరేమో. ప్రతి అనుమానాన్నీ విప్పి చూసి తీరాలంటే, పాతబండి తప్ప గతిలేనివాడు ఇల్లు కదలలేడు. చూడలేకపోవడం కొన్నిసార్లు పేదరికం. దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రావడం లేదు.

కాని అమ్మేటప్పుడు "అక్కడ ఇనుము లేదు" అని చెప్పడానికి అతనికి పైసా ఖర్చు లేదు. సరే, ఉంది. ధర తగ్గేది. అయినా నీతి మన దగ్గర అడిగేది అంతవరకే అనుకుంటాను. అన్నీ బాగుచెయ్యమని కాదు, అన్నీ విప్పి చూడమని కూడా కాదు. చూడనిదాన్ని చూడలేదని చెప్పమని. లప్పం పెట్టుకోవడం అవసరం కావచ్చు, దానిమీద నల్లరంగు కొట్టడం మాత్రం అవసరం కాదు.

నాకు ఆ పేదరికం సాకు కూడా లేదు. నాది ఒట్టి బద్ధకం. మే నెలలో ఓ ఆదివారం పెట్రోలు తోడి, బోల్టులు కోసి, ట్యాంకు దించాం. మూరెడు ముక్క బయటికొచ్చింది. మావాడు గుడ్డతో తుడిచి, ఎండలో పట్టుకుని చూశాడు. పైపైన కొంచెం తుప్పు, అంతే. పైపు శుభ్రంగా ఉంది.

"అనవసరంగా దించాం నాన్నా" అన్నాడు.

క్లిఫర్డ్ మార్చి చెప్పిన కథ గుర్తొచ్చింది కాని, పదిహేనేళ్లవాడికి అది వినిపించే ధైర్యం చెయ్యలేదు. "ఇప్పుడు తెలిసింది కదరా" అన్నాను. ఆ జవాబు వాడికి నచ్చలేదు. నాలుగు గంటల చాకిరీ తర్వాత నాకూ పూర్తిగా నచ్చలేదు. అయినా కొత్త ముక్కే వేశాం.

ఆ సాయంత్రం ఒక నోటుపుస్తకం తీసి గ్లవ్‌బాక్సులో పెట్టాను. మొదటి పేజీలో మార్చినవి, తేదీలతో. రెండో పేజీలో చూడనివి. మావాడు చదివి, "ఇది చూపిస్తే ఎవరు కొంటారు?" అన్నాడు. తక్కువకి కొంటారు అన్నాను.

రెండో పేజీలో ఇంకా మూడు మిగిలాయి. వాడి పర్మిట్ ఆగస్టులో.