నీరు, కంచె, కాడి

పరమార్థము మాటకు లొంగదు. అయినను మాట లేక మానవునకు గతి లేదు. యూదులు తమ ధర్మగ్రంథమగు తోరాను నీరనిరి, నిప్పనిరి, జీవవృక్షమనిరి, కాడి యనిరి. ఈ పోలికలు అలంకారములు మాత్రమేనా, లేక ఆచరణకు కట్టుబాట్లా? ఇది విచారింపదగిన ప్రశ్న.

తల్మూదునందలి ‘తానీత్’ అను భాగములో ఇట్టి పోలికలు పెక్కు కలవు. నీరు మిట్టను విడిచి పల్లమునకు పారును. అట్లే ధర్మవాక్యము వినయవంతునియందే నిలుచును. నిప్పు ఒంటికట్టెతో మండదు. అట్లే ఒంటరి చదువు నిలువదు. అచ్చటనే ఒక కథ కలదు. కురూపియగు యెహోషువ అను పండితుని చూచి, ఇంతటి జ్ఞానము ఇట్టి వికారపు పాత్రలోనా యని రోము చక్రవర్తి కుమార్తె ఎగతాళి చేసెను. మీ తండ్రి ద్రాక్షారసమును దేనిలో నుంచునని ఆయన అడిగెను. మట్టికుండలలో ననెను. గొప్పవారు వెండిబంగారు పాత్రలలో నుంచరాదా యనగా, ఆమె తండ్రికి చెప్పి అట్లే చేయించెను. రసము పులిసిపోయెను.

ఈ పోలికలకు మన తెలుగునాటనే పరీక్ష జరుగుచున్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమున, కొత్తరెడ్డిపాలెములో కొన్ని మాదిగ కుటుంబములు తాము ఇశ్రాయేలు గోత్రములలో నొకటగు ఎఫ్రాయీము సంతతివారమని చెప్పుకొని, 1991లో యూద ప్రార్థనామందిరమును నెలకొల్పుకొనెను. వీరిని బెనె ఎఫ్రాయీము అందురు. వంశమునకు నిదర్శనమేదని అడుగువారు కలరు. వంశవిచారము చరిత్రకారుల పని, ధర్మవిచారము వేరు. తరతరములుగా ఊరిబావికి దూరముగా నిలువవలసివచ్చిన వారికి, పల్లమునకు పారు నీరను మాట ఒట్టి అలంకారము కాదు.

తోరాకు కంచె వేయుడని కూడ యూద పెద్దలు చెప్పిరి గదా యని ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని ఆ కంచె నియమభంగము జరుగకుండ ముందుజాగ్రత్తగా విధించుకొన్న అదనపు నియమము. దప్పిగొన్నవానిని ఆపుటకు కట్టిన గోడ కాదు. క్రొత్తగా వచ్చువానికి శిక్షణ కావలెననుట న్యాయమే. కాడి యను పోలిక అందులకే. నీరు అందరిది, త్రాగినవాడు కాడి మోయవలెను. శనివారపు విశ్రాంతిని, ఆహారనియమములను పాటించువానిని నడవడిచేత కొలువవలెను గాని పుట్టుకచేత కాదు.

‘తానీత్’లోనే మరియొక హెచ్చరిక కలదు. ధర్మము కొరకే చదివినవానికి తోరా జీవౌషధము; అన్యప్రయోజనము కొరకు చదివినవానికి విషము. ఈ మాట ద్వారము తట్టువారికిని, ద్వారము కాచువారికిని సమానమే. ఏ మతగ్రంథమైనను, తన ఘనతకు సాక్ష్యముగా పట్టుకొన్నవాని చేతిలో అప్పుడే పులియనారంభించును.