బీచుపల్లి రేవులో దోసెడు నీళ్లు

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద కృష్ణ దాటుతుంటే బీచుపల్లి వస్తుంది. ఒడ్డున ఆంజనేయస్వామి గుడి. 2016 ఆగస్టులో పుష్కర స్నానాలకు జనం పోటెత్తిన రేవు ఇది.

ఆ రేవులో ఒక్క దోసెడు నీళ్లు తీసుకోండి. అందులో హైడ్రోజన్ ఉంది. విడిగా ఉంటే భగ్గున మండే వాయువు. ఆక్సిజన్ ఉంది, అది లేనిదే నిప్పు రాజుకోదు. ఈ రెండూ మూలకాలు. రసాయన చర్యతో ఇంకా చిన్న పదార్థాలుగా విడదీయలేం. మంటకు సంబంధించిన ఈ రెండూ కలిసి మంటలార్పే నీరవుతాయి. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అదే సమ్మేళనం: పుట్టినింటి గుణాలు వదిలి కొత్త గుణం తెచ్చుకున్న పదార్థం.

లెక్క కూడా కచ్చితం. తొమ్మిది గ్రాముల స్వచ్ఛమైన నీటిలో ఒక గ్రాము హైడ్రోజన్, ఎనిమిది గ్రాముల ఆక్సిజన్. కృష్ణలోనైనా, గంగలోనైనా అంతే. కంచు గంట అలా కాదు. రాగి, తగరం పాళ్లు పోతపోసేవారి ఇష్టం. అందుకే కంచు మిశ్రమమే, సమ్మేళనం కాదు.

కర్పూరమూ సమ్మేళనమే: కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. ఈసారి హారతి కళ్లకద్దుకునేటప్పుడు పక్కనున్న పిల్లలకు చెప్పండి: కర్పూరం కాలితే పుట్టేవాటిలో నీటి ఆవిరి కూడా ఉంటుంది.