చెలామణి కాని నాణెము

మేలైన సరకును మనవారు నాణెమైన సరకందురు. నాణెమునకీ గౌరవము దానిమీది ముద్రవలన వచ్చినదా, పదిమంది చేతులు మారినను చెల్లుటవలన వచ్చినదా? ఈ ప్రశ్నలో మహనీయుల స్మరణమెట్లుండవలెనను పెద్ద ప్రశ్న యిమిడియున్నది.

పసిఫిక్ సముద్రమున నియూ అను చిన్న ద్వీపము కలదు. అందలి జనులు రెండువేలకు లోపు. వారు బజారులో వాడునది న్యూజీలాండు డాలరు. అయినను 2011లో ఆ ద్వీపము పేర స్టార్ వార్స్ అను అమెరికా చలనచిత్రములోని పాత్రల బొమ్మలతో వెండి నాణెములు వెలువడినవి. వానిని కొన్నవారు దేశదేశముల సేకరణాభిలాషులు. ద్వీపమునకు కొంత యాదాయము, కొన్నవారికి వినోదము. ఇందు తప్పేమియు లేదు; బొమ్మ నమ్మిరి, బొమ్మను కొనిరి.

మన సంగతి వేరు. నందమూరి తారకరామారావుగారి శతజయంతికి హైదరాబాదు టంకశాలలో ముద్రించిన నూరురూపాయల నాణెమును 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు ఢిల్లీలో విడుదల చేసిరి. అందు సగపాలు వెండి. ఆ వెండి వెలయే నూరురూపాయలను మించును. అభిమానులు వేలరూపాయలిచ్చి కొనిరి. దానినిచ్చి నూరురూపాయల సరకు తెచ్చుకొనువాడుండడు. అది పుట్టుటయే పెట్టెలో పుట్టినది.

ఆయన 1983లో కిలో బియ్యము రెండురూపాయలకిప్పించిరి. కోనసీమలోని కూలివాడు నాడు చెల్లించిన రెండురూపాయలపై ఆయన బొమ్మ లేదు. ఆయన పని మాత్రము కలదు. ఆ కూలివాని యింటికి నేటి యీ నాణెము చేరుటెట్లు?

వెండి నాణెము చేయరాదని నా వాదము కాదు. సేకరణము నిర్దోషమైన వేడుక; దానివలన పిల్లలకు చరిత్రయు తెలియును. కాని గాంధీమహాత్ముని శతజయంతికి 1969లో వెలువడిన యిరువదిపైసల నాణెమును తలచుకొనుడు. అది ఉప్పునకు చెల్లినది, అగ్గిపెట్టెకు చెల్లినది, చేతిచేతికి మారి యరిగినది. దానిని చూచుటకెవ్వరును అధికమూల్యమియ్యలేదు. పెట్టెలోని నాణెము మెరుగు చెడదు, నిజమే. కాని దానిని తలచువాడు దానిని కొన్నవాడొక్కడే.

కావున ప్రభుత్వము ప్రజానాయకుని పేర వెండి నాణెమొకటి చేసినప్పుడెల్ల, సామాన్యలోహముతో మరియొకటి చేసి, ముఖవిలువకే బజారులోనికి విడువవలెను. ధనికుని పెట్టెలో నొకటి యుండనిండు. పేదవాని కొంగుముడిలో నొకటి యుండవలెను. అది యరిగిపోవుననుట దానికి లోపము కాదు.