రంగు తక్కువ అంటే ఏమి?

‘రంగు’ చిన్న మాట. కానీ దాని అర్థాలు లెక్కపెడితే చాలా ఉన్నాయి. గోడకు వేసేది రంగు. మోసగాడి గుట్టు తెలిస్తే ‘వాడి రంగు బయటపడింది’ అంటాము. మాట మార్చేవాడు రంగులు మార్చే ఊసరవెల్లి. లేని గొప్పలు చెప్పేవాడిని ‘కలరింగ్ ఇస్తున్నాడు’ అని మా క్లాసులో ఆటపట్టిస్తాము.

సంస్కృతంలో రంగును వర్ణం అంటారు. అక్షరం కూడా వర్ణమే, అందుకే వర్ణమాల అంటున్నాము. సంగీతం నేర్చుకునేవాళ్ళు పాడేదాంట్లో ఒకటి వర్ణం. మనుషులను పైమెట్టు, కిందిమెట్టు అని విడదీసినదీ వర్ణమే. ఆ మాటే తెలుగులో ‘వన్నె’ అయింది, కన్నడంలో ‘బణ్ణ’ అయింది. మా అరసికెరెలో రెండు భాషలూ వినపడతాయి కాబట్టి ఈ రెండూ అక్కచెల్లెళ్ళని తెలిసి నాకు సంతోషమైంది.

ఇన్ని అర్థాలలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది ‘రంగు తక్కువ’ అనే మాట. పెండ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు ‘పిల్ల మంచి రంగేనా?’ అని అడుగుతారు. అక్కడ రంగు అంటే తెలుపు ఒక్కటే. నల్లగా ఉంటే రంగు తక్కువ అంట. మరి నలుపు రంగు కాదా? అన్ని రంగులకూ పేరైన మాట ఒక్క రంగుకు ఎట్లా సొంతమైంది?

దక్షిణాఫ్రికాలో ఇది తలకిందులుగా జరిగింది. 1950లో అక్కడి ప్రభుత్వం జనాన్ని జాతుల వారీగా రాసిపెట్టే చట్టం చేసింది. అందులో ఒక వర్గానికి ‘కలర్డ్’, అంటే రంగు ఉన్నవాళ్ళు, అని పేరు పెట్టి, తెల్లవాళ్ళకంటే కింద ఉంచింది. అక్కడ రంగు ఉంటే తక్కువ, ఇక్కడ రంగు లేకుంటే తక్కువ! దీన్నిబట్టి ఎక్కువ తక్కువలు చర్మంలో లేవు, చూసేవాళ్ళ మనసులో ఉన్నాయని తెలుస్తుంది.

అయితే నల్లగా ఉన్నదాన్ని నలుపు అనడమే తప్పా? కాదు అని నా అభిప్రాయం. ఉన్నది ఉన్నట్లు చెప్పడం తప్పు కాదు. వానలు సరిగా పడని మా పావగడ తాలూకాలో ఆకాశం నల్లబడితే అందరి ముఖాలూ వెలుగుతాయి. రాగి సంగటి నల్లగా ఉందని ఎవరూ పక్కకు పెట్టరు. తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. అక్కడి పలకలు ముదురు రంగులో ఉండేది ఎండను బాగా పీల్చుకోవడానికే. మన చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ కూడా ఎండనుంచి మనల్ని కాపాడుతుందని సైన్సు చెబుతుంది.

మరి తప్పు ఎక్కడ ఉంది? ‘ఉన్నా’ అనే చిన్న మాటలో ఉంది. ‘నల్లగా ఉన్నా కళగా ఉంది’ అంటారు. నన్ను కూడా చాలామంది అట్లే అంటారు, ప్రేమతోనే అంటారు. ఒకరోజు మా అవ్వను అడిగినాను: “అవ్వా, తెల్లగా ఉండేవాళ్ళను ‘తెల్లగా ఉన్నా కళగా ఉంది’ అని ఎందుకు అనవు?” అవ్వ నవ్వి, “అట్ల ఎవురంటారే?” అనింది. నిజమే, ఎవరూ అనరు. తెలుపుకు అవసరం లేని సర్దుబాటు నలుపుకు కావాలని ఆ ‘ఉన్నా’ చెబుతోంది. ‘నలుపు నారాయణ మెచ్చు’ అనే సామెత కూడా ఓదార్పే. ఏ లోపమూ లేనివాళ్ళకు ఓదార్పు ఎందుకు?

చిన్న మాటే కదా అని కొందరు అంటారు. కానీ చిన్నప్పటినుంచి రోజూ వింటే ఆ పిల్ల తనలో ఏదో లోటు ఉందని నమ్ముతుంది. ఆ నమ్మకం మీదనే తెల్లబరిచే క్రీముల వ్యాపారం నడుస్తుంది. 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ని 2020లో ‘గ్లో అండ్ లవ్లీ’ అని మార్చినారు. డబ్బా మీద పేరు మారింది, మన నోట్లో ‘ఉన్నా’ మారలేదు.

1948లో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల ప్రకటనలో రంగును బట్టి తేడా చూపరాదని రాసినారు. మన రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అని ఉన్నాయి. రంగు అనే మాట లేదు. ఉంటే మంచిదే. కానీ ఇంట్లో ప్రేమగా అనే మాటను ఏ చట్టమూ పట్టుకోలేదు. దాన్ని మనమే మానుకోవాలి.

వర్ణమాలలో ‘అ’ గొప్పది, ‘ఱ’ తక్కువది అని మనకు ఎవరూ నేర్పలేదు. అన్నీ కలిస్తేనే భాష. కాబట్టి అమ్మానాన్నలకు, గురువులకు, స్నేహితులకు నా మనవి ఒకటే. నల్లగా ఉన్నవాళ్ళను నలుపు అనండి, పరవాలేదు. కళగా ఉంటే కళగా ఉన్నారనండి. రెండింటి మధ్య ఆ ‘ఉన్నా’ మాత్రం పెట్టకండి.