ఐదో శనివారం దగ్గర ఆగిన ప్రదక్షిణ

 

గజేంద్ర మోక్షం వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు: "స్వామి అంత ఆలస్యంగా ఎందుకొచ్చాడు బ్రో?" కథ మళ్ళీ ఒకసారి చూడండి. మొసలి కాలు పట్టుకోగానే గజేంద్రుడు పిలవలేదు. నా బలం చాలనుకుని వెయ్యేళ్ళు పెనుగులాడాడు. ఓపికంతా అయిపోయాక పిలిచాడు. పిలవగానే శ్రీహరి లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా బయల్దేరాడు. ఆలస్యమైంది పిలుపే.

ఇది నాకు మా పిన్ని వల్ల అర్థమైంది. వాళ్ళది కొత్తపేట దగ్గర పల్లెటూరు. పోయినేడు వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకుంది. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ ఫోన్ చేస్తే, "కడుపుబ్బరంగా ఉందిరా, రెండు ముద్దలు తింటే చాలు నిండిపోతోంది. గ్యాసేలే నాన్నా, వాము నీళ్ళు తాగుతున్నా" అనేది. నేను కూడా "సరే పిన్నీ" అని పెట్టేసేవాణ్ణి. శనివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్న మనిషి, ఉబ్బరం మొదలై ఎన్ని వారాలైందో లెక్కపెట్టుకోలేదు. ఐదో శనివారం ప్రదక్షిణ మధ్యలో కూర్చుండిపోయింది. అమలాపురంలో స్కానింగ్ తీయిస్తే అండాశయంలో గడ్డ. క్యాన్సర్, మూడో స్టేజి.

అమ్మ, అత్త, అమ్మమ్మ, ఎవరైనా సరే, కడుపుబ్బరం, పొత్తికడుపు నొప్పి, కొంచెం తినగానే నిండినట్టుండటం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం... ఇవి కొత్తగా మొదలై రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే గైనకాలజిస్ట్ దగ్గరకి తీసుకెళ్ళండి. చాలాసార్లు వేరే చిన్న కారణమే అవుతుంది, భయపడక్కర్లేదు. పాప్ స్మియర్ చేయించాం కదా అని ఊరుకోవద్దు. అది గర్భాశయ ముఖద్వారం కోసం, అండాశయ క్యాన్సర్‌ని పట్టుకోదు. అమ్మకో అక్కకో అండాశయ, రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి. మే 8న ప్రపంచ అండాశయ క్యాన్సర్ దినం, 2013 నుంచి జరుగుతోంది. నాకు పోయినేడు దాకా తెలీదు.

ఇక దానం సంగతి. పిన్ని ఆపరేషన్, కీమో ప్రభుత్వ కార్డు మీదే అయ్యాయి. కానీ ప్రతి కీమోకీ వైజాగ్ ప్రయాణం, తోడుగా ఒక మనిషి, గది అద్దె, బాబాయి పోగొట్టుకున్న కూలి, ఇవన్నీ ఇంటి మీద పడ్డ భారమే. అందుకే మొక్కు తీరినవాళ్ళు హుండీలో వేసేది వేసి, కొంత ఇలాంటివాళ్ళకి పక్కన పెట్టండి. మీ ఊళ్ళో కీమోకి వెళ్తున్నవాళ్ళుంటే నేరుగా వాళ్ళ బస్సు ఛార్జీ ఇవ్వండి. లేదా విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, హైదరాబాద్‌లో ఎన్టీఆర్ గారు భార్య జ్ఞాపకంగా తలపెట్టిన, 2000లో మొదలైన బసవతారకం ఉంది. వాళ్ళ అధికారిక ఖాతాకే పంపండి. మేం ఏ ఫోన్ పే నంబరూ ఇవ్వట్లేదు. మా పేరు చెప్పి ఎవరడిగినా ఇవ్వకండి. ఈ నెల ఛానల్‌కి వచ్చే యాడ్ డబ్బులు మాత్రం మేమూ పంపుతున్నాం.

పిన్నికి కీమో అయిపోయింది, ఇంకా చెకప్‌లున్నాయి. వచ్చే శనివారం తనని వాడపల్లి తీసుకెళ్తున్నా. మధ్యలో ఆగింది కాబట్టి మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టాలంటోంది. నేను ఆరోది అంటున్నా. ఇంకా తేలలేదు.